అంకమ్మ టిఫిన్ల బ్యానరు మీద చర్చ

చీరాలలో ఒక ఎరువుల కొట్టు మేడమీద ‘సప్తవర్ణ’ అని డిజైన్ నేర్పే బడి ఉంది. అందులో సామ్రాజ్యం, మస్తాను, ఏబేలు, పున్నారావు అని నలుగురు విద్యార్థులు. నలుగురికీ తెలివి ఎంత ఉండేదంటే, మెట్లు దిగేటప్పుడు ఎక్కడ ఒలికిపోతుందోనని తలలు నిటారుగా పెట్టుకుని దిగేవాళ్ళు. దారిపొడుగునా కనబడిన బోర్డుకల్లా వంక పెట్టేవాళ్ళు. అందరిలోకీ సామ్రాజ్యానికి తన తెలివంటే మరీ ముచ్చట. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తుందని ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ పేరు. ఆ పేరు నిలబెట్టుకోవాలని ఆమె పడే తాపత్రయం అంతా ఇంతా కాదు.

ఒకరోజు సామ్రాజ్యం పెద్దమ్మ అంకమ్మ ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సెంటర్లో ఆమె టిఫిన్ కొట్టు పోయింది. ఇప్పుడు బస్టాండు వెనక సందులో కొత్తది పెట్టుకుంది. ఆ సందు ఆటోవాళ్ళకే సరిగ్గా తెలీదు.

“శుక్రవారం తెరుస్తున్నానయ్యా. సెంటర్లో పాత కొట్టున్న చోట ఒక బ్యానరు కడితే, మనవాళ్ళు చూసుకుని ఇటొస్తారు. రాకపోతే ఇక పొయ్యి ఆర్పేసి ఇంట్లో కూర్చోవడమే” అంది బడి నడిపే భానోజీ మాస్టారితో.

నవ్వుతూనే అంది గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సామ్రాజ్యం గబగబా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ ఇడ్లీలు తినే పెరిగింది మరి.

పున్నారావు అప్పటికప్పుడు ఒక నమూనా చేశాడు. భానోజీ మాస్టారు దాన్ని చూసి నలుగురినీ పిలిచాడు.

“ఈసారి నేను నోరెత్తను. మీలో మీరే చర్చించుకుని లోపాలు పట్టుకోండి. గుండ్రంగా కూర్చుని బ్యానరు మధ్యలో పెట్టుకోండి. ఎవరి మాటా తీసెయ్యకండి. తినేవాళ్ళని కూడా అడగండి. అక్షరాలకి కాస్త ఊపిరాడనివ్వండి. సామ్రాజ్యం, చర్చ నువ్వు నడుపమ్మా. గుర్తుంచుకో, నడిపేవాళ్ళు తమ అభిప్రాయం చెప్పకూడదు, అందరిచేతా చెప్పించాలి” అని చెప్పి, మేనల్లుడి పెళ్ళికి రేపల్లె బస్సెక్కాడు.

ఇంకేముంది! బ్యానరుని కంప్యూటరు తెర మీద తెరిచి, ఆ బల్లని గది మధ్యలోకి లాగారు. చుట్టూ గుండ్రంగా కుర్చీలు వేసుకున్నారు. సామ్రాజ్యం, ఏబేలు తెరకి ఎదురుగా పడ్డారు. మస్తాను, పున్నారావు దాని వీపుకి ఎదురుగా పడ్డారు.

సామ్రాజ్యం తెర వంక ఒక్కసారి చూసింది. పైన ‘అంకమ్మ టిఫిన్లు’ అని ఉంది, కింద పొగలు కక్కే ఇడ్లీ బొమ్మ ఉంది. కొట్టు ఎక్కడో మాత్రం లేదు. ‘అమ్మో, అడ్రసే లేదు!’ అనుకుంది. అనబోయి, టక్కున నోరు మూసుకుంది. నడిపేవాళ్ళు చెప్పకూడదు కదా!

“మస్తానూ, నీకేమనిపిస్తుంది?” అనడిగింది.

మస్తాను తల అటూ ఇటూ వంచి చూశాడు. “నలుపు ఎక్కువైంది. అంతా నలుపే. ఇడ్లీ అనేదే కనబళ్ళా.”

పున్నారావు లేచి నిలబడ్డాడు. “నేను చేసింది ఇది కాదు! ఎవరో మార్చేశారు! ఎర్ర స్టిక్కరు మీద ‘తెరవరాదు, ప్రమాదం’ అని నేనెక్కడ రాశానబ్బా? అయినా ఎవరు పెట్టారో గాని భలే కొట్టొచ్చినట్టు ఉంది.”

“నాకైతే తెల్లగా, ఇడ్లీతో కనబడుతోంది” అన్నాడు ఏబేలు.

“ఎవరి మాటా తీసెయ్యకూడదు” అంది సామ్రాజ్యం. అంతే. నలుపూ పెట్టారు, ఇడ్లీ కూడా పెట్టారు. స్టిక్కరు అందరికీ నచ్చింది గనక దాన్ని ఇడ్లీ పక్కనే పెద్దగా పెట్టారు. బల్లని తిప్పి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. తోచినా, మాస్టారు తిప్పమనలేదాయె.

“ఇంకా ఏమైనా తక్కువైందా? బాగా ఆలోచించండి. చాలా ముఖ్యమైంది ఏదో ఒకటి…” అని సామ్రాజ్యం కళ్ళెగరేసింది, మూతి తిప్పింది, కిటికీలోంచి బస్టాండు వైపు దగ్గింది.

“దగ్గు మందు తెచ్చుకో” అన్నాడు ఏబేలు.

తర్వాత తినేవాళ్ళని అడగాలిగా! అంకమ్మ కొట్టు ఇంకా తెరవలేదు గనక బస్టాండులో ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళారు. ఒక పెద్దాయన ప్లేటు పట్టుకుని తింటున్నాడు.

“బాబాయ్, ఇంకేం ఉంటే బాగుంటుంది?” అనడిగాడు మస్తాను.

“ఇంకాస్త చట్నీ” అన్నాడాయన.

పక్కాయన్ని అడిగారు. ఆయనా అదే మాట. ఇంత గట్టిగా కలిసిన అభిప్రాయం వాళ్ళు ఎప్పుడూ వినలేదు. పరుగున వచ్చి బ్యానరు అడుగున ‘ఇంకాస్త చట్నీ’ అని పచ్చటి అక్షరాలతో వేశారు.

బ్యానరు అచ్చయి వచ్చింది. ఇక అక్షరాలకి ఊపిరాడాలి. ఏబేలు మేకు తీసుకుని ప్రతి అక్షరానికీ రెండేసి చిల్లులు పొడిచాడు, ముక్కులాగా. ఒత్తులున్న అక్షరాలకి పాపం ఇంకో రెండేసి పొడిచాడు. నలుగురూ చిల్లుల దగ్గర చెయ్యి పెట్టి, గాలి వస్తోందని సంతోషించారు.

శుక్రవారం తెల్లారేసరికి బ్యానరు సెంటర్లో వేలాడింది.

ఊళ్ళో వాళ్ళు చూశారు. నల్లటి గుడ్డ, దాని మీద అంకమ్మ పేరు, పక్కన ప్రమాదం! ఎవరికైనా ఏమనిపిస్తుంది? “అయ్యయ్యో, మొన్నటిదాకా బాగానే ఉంది కదయ్యా” అని ఒకాయన తలపాగా తీశాడు. “ఆఖరి కోరిక కామోసు, చట్నీ అడిగిందట” అని ఇంకొకాయన ముక్కు చీదాడు. ఎవరో పుణ్యాత్ముడు పూలదండ తెచ్చి బ్యానరుకి వేశాడు కూడా.

పెళ్ళినుంచి తిరిగొస్తున్న భానోజీ మాస్టారు ఆ దండ చూసి, గుండె జారిపోయి, సంచీతో సహా సందులోకి పరిగెత్తాడు. అక్కడ అంకమ్మ నిక్షేపంలా ఉంది. ఇడ్లీలే గిన్నెల్లో చల్లారిపోతున్నాయి. బెంచీలన్నీ ఖాళీ. నలుగురు మేధావులూ గోడకి ఆనుకుని ఉన్నారు.

“ఏమమ్మా సామ్రాజ్యం, బ్యానరు మీద అడ్రసేదీ?”

“లేదని మొదటి చూపులోనే కనిపెట్టాను మాస్టారూ!” అంది సామ్రాజ్యం గర్వంగా.

“మరి చెప్పలేదేం?”

“నడిపేవాళ్ళు చెప్పకూడదన్నారుగా. ఎంత కష్టమైనా బిగబట్టుకున్నా.”

మాస్టారు నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. అంకమ్మ పీట మీద కూలబడి కొంగుతో కళ్ళద్దుకుంది. అది చూసి సామ్రాజ్యం గర్వం అంతా దిగిపోయింది. పెద్దమ్మ పక్కన కూర్చుని తనూ భోరుమంది.

“ఏడుపు తర్వాత! నలుగురూ మలుపుకొకరు నిలబడి చెయ్యి చాపి దారి చూపించండి. నేను చెప్పేదాకా చెయ్యి దించకండి” అన్నాడు మాస్టారు.

ఈసారి మంత్రం పారింది. సెంటర్లో ‘అంకమ్మ బతికే ఉంది’ అని అరుస్తున్న మస్తాను చెయ్యి చూసి జనం కదిలారు. ఏబేలు చెయ్యి, పున్నారావు చెయ్యి దాటుకుని, బతికే ఉన్న అంకమ్మని చూద్దామని గుంపుగా వచ్చారు. కొట్టు ముందు ఆఖరి చెయ్యి సామ్రాజ్యానిది.

అంకమ్మ ముఖం వెలిగిపోయింది. “పొద్దుట్నించీ ఏమీ తినలేదే పిల్లా, ఇటు తిరుగు, నోట్లో పెడతా” అని ఇడ్లీ తుంచి తెచ్చింది. సామ్రాజ్యం నోరు తెరుచుకుని అటు తిరిగింది. ఆమెతోపాటు చాపిన చెయ్యి కూడా తిరిగింది. అంతే! జనమంతా ఎదురుగా ఉన్న మంగలి షాపులోకి పోయి కుర్చీల్లో కూర్చున్నారు. మాస్టారు వెళ్ళి బతిమాలి వెనక్కి తెచ్చేలోపు ఇద్దరికి సగం మీసాలు పోయాయి.

ఏమైతేనేం, ఆ పూట ఇడ్లీలన్నీ అయిపోయాయి. అంకమ్మ అందరినీ దీవించింది. మాస్టారు చెమట తుడుచుకుంటూ, “రేపట్నించి చేతులొద్దు. మలుపులో ఒక పెద్ద బాణం గుర్తు వెయ్యండి. చుట్టూ వేరే రాతల్లేకుండా, తెల్లటి శుభ్రమైన జాగా చూసి వెయ్యండి. దూరాన్నించి కనబడాలి” అని చెప్పి నిద్రకి పోయాడు.

సామ్రాజ్యం ఊరంతా గాలించింది. గోడలన్నీ ప్రకటనలతో నిండిపోయి ఉన్నాయి. సరిగ్గా సందు మలుపులో మాత్రం ఆమెకి కావలసిన జాగా దొరికింది. పాలలా తెల్లగా, ఎత్తుగా, పొడుగ్గా, ఒక్క రాత కూడా లేదు. నలుగురూ నిచ్చెన వేసుకుని సాయంత్రందాకా ఎర్రరంగుతో బాణం వేసి, ‘అంకమ్మ టిఫిన్లు ఇటే’ అని రాశారు.

మర్నాడు పొద్దున సందులో పిట్ట లేదు. అంకమ్మ వాకిట్లోకీ పొయ్యి దగ్గరికీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. “ఏమే, బాణం వేశానన్నావుగా, ఎవరూ రారేం?”

సామ్రాజ్యం మలుపుదాకా పోయి చూసొచ్చింది. ముఖంలో దిగులు లేకపోగా రెట్టింపు సంతోషం.

“కంగారు పడకు పెద్దమ్మా. మనం బాణం వేసిన బస్సు రాత్రే కనిగిరి వెళ్ళిందట. అక్కడివాళ్ళు చూసుకుని ఈపాటికి బయల్దేరే ఉంటారు. ఊరు ఊరంతా వస్తుంది, ఇంకో నాలుగు వాయిలు ఎక్కువ వెయ్యి!”