లారీ కింది వాటా

తండ్రి పోయాక ముగ్గురు పిల్లలూ ఉప్పు లారీని పంచుకున్నారు. అమ్మడానికి మనసొప్పలేదు, కలిసి నడుపుకోవడానికి నమ్మకం చాలలేదు. ముఖం పెద్దన్న తీసుకున్నాడు. సరుకు మోసే బాడీ చిన్నన్న తీసుకున్నాడు. మిగిలింది అడుగు. అది చెల్లెలికిచ్చారు.

"ఆడపిల్లకి అన్యాయం చేశామని రేపెవరూ అనకూడదు," అన్నాడు పెద్దన్న, కళ్లు తుడుచుకుంటూ.

ఏటా దసరాకి లారీ ముఖానికి కొత్త రంగులు పడేవి. నెమలి, తామరపువ్వు, అద్దాలు, కుచ్చులు. చిన్నన్న బాడీకి కొత్త చెక్కలు వేయించేవాడు, ఎత్తు పెంచించేవాడు. చెల్లెలు పాత చీర నడుముకి బిగించి, గోనెపట్టా పరుచుకుని, బండి కిందికి దూరేది. ఉప్పుమళ్ల దారంతా కంకర. టైర్లు ఎగజిమ్మిన రాయి తగిలినచోటల్లా నల్లపూత పెచ్చు లేచేది. అక్కడ ఉప్పునీరు చేరేది. ఆ తర్వాత తుప్పు ఎవరినీ అడగదు.

"మంచినీళ్లతో కడగాలి. రెండెండలు ఆరాలి. ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకి, తుప్పు రాకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ పైన నల్లపూత వేయాలి. బండి ఆపండి," అనేదామె.

"ఆపితే ఉప్పు నీ నెత్తిన పెట్టుకెళ్తావా?" అనేవాడు చిన్నన్న.

"అయినా కిందికి వంగి చూసేదెవరే?" అనేవాడు పెద్దన్న.

"రోడ్డు చూస్తుంది."

ఆ మాటకి ఇద్దరూ పగలబడి నవ్వేవారు. చెప్పినదానికి నవ్వుతారే తప్ప చెప్పింది చెయ్యరని ఆమెకి తెలుసు. తెలిసీ మళ్లీ చెప్పేది.

ఈ ఏడు ఆ పోరు పడలేక చిన్నన్న ఓ ఘనకార్యం చేశాడు. బండి ఉప్పుమళ్ల నుంచి రాగానే, తడి బురద మీదే, పేరుకున్న ఉప్పు మీదే, నల్లరంగు కొట్టించేశాడు.

"చూసుకో, నీ వాటా అద్దంలా మెరిసిపోతోంది."

చెల్లెలు సుత్తితో మెల్లగా తట్టింది. ఖంగుమనాల్సిన ఇనుము అట్టపెట్టెలా చప్పుడు చేసింది.

"తుప్పుకి దుప్పటి కప్పి జోకొట్టావు చిన్నన్నయ్యా. లోడుతో వెళ్తూ వంతెన మీద విరిగిందంటే డ్రైవరు కాలవలో తేలతాడు. రేపు బండి కదలడానికి వీల్లేదు."

"పండగ పూట ఏం మాటలే అవి!" అన్నాడు పెద్దన్న.

"దానికి కావాల్సింది పేరన్నయ్యా," అన్నాడు చిన్నన్న. "బండి మీద మనిద్దరి పేర్లే ఉన్నాయని కడుపుమంట."

"నాకు పేరొద్దు. రెండెండలు కావాలి."

"పేరే ఇస్తాం తీసుకో," అని పెద్దన్న పెయింటరుని పిలిపించాడు.

ఆమెకి విసుగు నెత్తికెక్కింది. "సరే, రాయించండి. నా వాటా మీదే రాయించండి."

పెయింటరు గొణుక్కుంటూ కిందికి దూరాడు. ఎగుడుదిగుడుగా ఉన్నచోట అక్షరం కుదరదని ఓ రేకుముక్కతో గీకాడు. రేకుముక్క లోపలికి పోయింది. దాని వెనకే వేలూ పోయింది. బయటికొచ్చి అరచెయ్యి తెరిచాడు. గుప్పెడు ఎర్రటి పెచ్చులు.

"రాయడానికి ఇనుము లేదమ్మా. రంగే ఉంది."

పక్కనే నిలబడ్డ డ్రైవరు ఆ చెయ్యి చూశాడు. క్యాబిన్లోంచి తన తువ్వాలు, అన్నం క్యారేజీ తీసుకున్నాడు. "వస్తానక్కా," అని చెల్లెలికొక్కదానికే చెప్పి వెళ్లిపోయాడు.

అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమె వైపు తిరిగారు.

"నమ్మి చేతికిస్తే నీ వాటాని ఇంత పాడు చేసుకుంటావా?" అన్నాడు పెద్దన్న.

"నాన్న చూస్తే ఏడ్చేవాడు," అన్నాడు చిన్నన్న.

అన్నలు కొత్త డ్రైవరుని వెతకడానికి వెళ్లారు.

సాయంత్రానికి ఒకడు దొరికాడు. వాడు బండి ముందు నిలబడి నెమలి బాగుందన్నాడు, అద్దాలు బాగున్నాయన్నాడు. నేరుగా ఎక్కి కూర్చుని స్టార్టు చేశాడు. ఇంజను గర్జించింది. కుచ్చులు ఊగాయి. బండి అంగుళం కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాడు.

చిన్నన్న పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నడుం వంచి కిందికి చూశాడు. లారీ వెనక భాగం దుంగల మీద నిలబడి ఉంది. అటుపక్క పంక్చరు షాపువాళ్లు జాకీలు సర్దుకుంటున్నారు. చెల్లెలు ఒకదాని మీద ఒకటి పేర్చిన చక్రాల పైన కూర్చుని, వైరు బ్రష్ దులుపుతోంది.

"చక్రాలెందుకు పీకించావే!"

"పంపకాల్లో వీటి ఊసే ఎత్తలేదు కదా చిన్నన్నయ్యా," అందామె. "కింద ఉన్నాయి కదా అని నా వాటాలో కలుపుకున్నాను."

పైన ఇంజను ఇంకా గర్జిస్తూనే ఉంది.