కోటగోడలో గండి

పెదగవిని అనే ఊళ్లో మద్దిలేటి అనే రైతు ఉండేవాడు. కష్టపడి పనిచేసేవాడే గానీ, దేనికైనా చుట్టూ తిరిగి పోవాలంటే అతనికి ఒళ్లు మండేది.

ఆ ఊరి చుట్టూ పాతకాలపు కోటగోడ ఉండేది. దండులు ఊళ్ల మీద పడి దోచుకునే రోజుల్లో, ఇటూ అటూ రాళ్లు పేర్చి, నడుమ మట్టి దట్టించి కట్టిన గోడ అది. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటివి ఎప్పుడో కూలిపోయాయి. ఇక్కడ మాత్రం ఉరుకుందప్ప అనే ముసలాయన పుణ్యమా అని నిలిచింది. ఏటా ఎండాకాలంలో ఆయన గోడంతా తిరిగి, జారిన రాళ్లను మళ్లీ ఎక్కించేవాడు. ఏ రాయిని ఎటు తిప్పితే కుదురుకుంటుందో ఆయన చేతులకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

మద్దిలేటి ఇల్లు తూర్పు గోడ పక్కనే ఉండేది. అతని చేను గోడకు సరిగ్గా అవతల, వంక అని పిలిచే చిన్న వాగు పక్కన. అయినా ఊరికి ఉన్న ఒక్క ద్వారం పడమట ఉండడంతో, అక్కడి దాకా నడిచి, బయటినుంచి మళ్లీ తూర్పుకు చుట్టి రావాల్సి వచ్చేది. ఒక మధ్యాహ్నం గడ్డిమోపు ఎత్తుకుని అంత దూరం నడిచొచ్చిన మద్దిలేటి, మోపు కింద పడేసి గడ్డపార తీసుకున్నాడు. సాయంత్రానికి గోడలో మనిషి పట్టేంత సందు పడింది.

చప్పుడు విని, మద్దిలేటికి ఊరి వరసన మామ అయ్యే ఉరుకుందప్ప వచ్చాడు.

"ఏం పని చేస్తివిరా అల్లుడా! ముందు ఆ రాళ్లు అక్కడ పెట్టు."

"ఇప్పుడు ఏ దండు వస్తుంది మామా? ఎవరి మీదికి వస్తుంది?" అని నవ్వాడు మద్దిలేటి.

"దండు రాకపోతే వంక రాదా? నా చిన్నతనంలో వంక పొంగి ఈ గోడకు నడుమెత్తు నీళ్లు కొట్టాయి. లోపలికి చుక్క రాలేదు."

"అది నీ చిన్నతనం. ఇప్పుడు ఆ వంకలో మేకలు తాగడానికే నీళ్లు లేవు."

ఉరుకుందప్ప రెండుసార్లు ఆ సందు పూడ్చాడు. రెండుసార్లూ మద్దిలేటి మళ్లీ తీశాడు. ఈలోగా వీధివాళ్లు కూడా ఆ దారికి అలవాటుపడ్డారు. బర్రెలు పోవాలని ఒకరు, బండి పట్టాలని ఇంకొకరు తలా నాలుగు రాళ్లు లాగారు. సందు గండి అయింది. దాన్ని పూడ్చడం ఇక ముసలాయన ఒక్కడి వల్ల కాలేదు.

మూడో ఏడు భాద్రపదంలో ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున వంక పొంగింది. ఎర్రనీళ్లు గోడ వెంట వచ్చి, గండి దొరకగానే ఒక్కసారిగా లోపలికి తిరిగాయి. మద్దిలేటి ఇల్లు మెరకలో ఉంది. నీళ్లు అతని గడప తాకకుండా పల్లపు వీధిలోకి దూకాయి. పిల్లలను చంకనేసుకుని ఆడవాళ్లు పరుగెత్తారు. మట్టిగోడలు నాని ఒక్కొక్కటే కూలాయి.

మద్దిలేటి గండి దగ్గరికి పరుగున వచ్చేసరికి ఉరుకుందప్ప అప్పటికే మోకాలి లోతు నీళ్లలో రాళ్లు పేరుస్తున్నాడు.

"మామా, బయటికి రా! పైరాళ్లు కదులుతున్నాయి!"

"మాటలొద్దు, రాయి అందించు!"

మద్దిలేటి అందించాడు. ఇద్దరూ గండికి అడ్డంగా రాళ్లు నడుమెత్తు లేపారు. నీటి జోరు సగం తగ్గింది. అంతలో గండి పక్కన వదులైన గోడ జారింది. మద్దిలేటి తప్పుకున్నాడు. రాయిని సర్దుతున్న ముసలాయన రెండు చేతులూ బండల కింద నలిగిపోయాయి.

ఆ వానకు ప్రాణాలు పోలేదు. పల్లపు వీధిలో ఎనిమిది ఇళ్లు పోయాయి. ఉరుకుందప్ప వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

"నన్ను తిట్టు మామా," అంటూ మద్దిలేటి ఆయన మంచం పక్కన కూలబడ్డాడు.

"తిట్టి ఏం చేసేది? గోడ సంగతి చూడు," అన్నాడు ఉరుకుందప్ప.

మరుసటి ఎండాకాలం మద్దిలేటి గండి పూడ్చడానికి పూనుకున్నాడు. ముసలాయన పక్కన కూర్చుని చెప్పేవాడు. "అట్లా కాదు, తిప్పు. ఇంకా తిప్పు." చేత్తో చూపించబోయి, ముడుచుకోని వేళ్లు చూసుకుని ఆగిపోయేవాడు. మాటల్లో చెప్పగలిగింది కొంతే. మద్దిలేటి ఎన్నిసార్లు పేర్చినా ఆ చోట గోడ ఉబ్బుతూనే ఉండేది. ప్రతి ఏడూ విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చేది.

ఉరుకుందప్పకు ఎవరూ లేరు. ఆయన బతికినన్నాళ్లూ మద్దిలేటే పూటపూటా వెళ్లి సంగటి ముద్ద చేసి ఆయన నోట్లో పెట్టేవాడు. ముసలాయన ఒక్కనాడూ నిష్ఠూరంగా మాట్లాడలేదు. అయినా ముద్ద అందించేటప్పుడు మద్దిలేటి తలెత్తి ఆయన కళ్లలోకి చూడలేకపోయేవాడు.

నీతి: అందరినీ కాపాడేదాన్ని మన ఒక్కరి సుఖం కోసం చెడగొట్టకూడదు, ఆ నష్టం ఇంకొకరి మీద పడ్డాక, మనం ఎంత బాధపడినా పోయింది తిరిగి రాదు.