పదకొండో గాథ

సుదంతుడికి కాలు ఒకచోట నిలిచేది కాదు. వానాకాలంలో భిక్షువులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలని నియమం కాబట్టి ఆగేవాడు. ఆ మూడు నెలలూ ఆ ఊరివాళ్ళకి ధర్మగాథలు చెప్పేవాడు. ఎంత బాగా చెప్పేవాడనుకున్నారు! ఒక్కో గాథకీ ఒక్కో కథ జోడించేవాడు: ఓడరేవుల్లో బేరాలు, మంచుకొండల్లో గొర్రెలకాపరులు, ఎడారిలో దారి తప్పిన బిడారులు, అన్నీ తను కళ్ళారా చూసినవే. జనం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. వాన వెలిసిందా, అయ్యగారు మాయం. తక్కిన గాథలు వచ్చే వానలకి చెబుతానని మాత్రం ఊరూరా అనేవాడు. వచ్చే వానలకి ఇంకో ఊరు.

నలభై ఏళ్ళు అలా తిరిగి తిరిగి, కృష్ణ ఒడ్డున ఉన్న గురువు ధమ్మనంది దగ్గరికి వచ్చి కూలబడ్డాడు.

"నలభై ఊళ్ళలో చెప్పాను, భంతే. ఈయన మా గురువు అని చెప్పుకునేవాడు ఒక్కడూ లేడు. నా చెప్పడంలోనే ఏదో లోపముంది."

మర్నాడు పొద్దున్నే గురువు తన భిక్షాపాత్ర తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టి, నా బదులు ఇవాళ సాలెవాడకి నువ్వు వెళ్ళు అన్నాడు. సుదంతుడు తన తొలి వానాకాలం గడిపింది ఆ వాడలోనే.

మూడో ఇంట్లో, మగ్గం ముందు ఒక ముసలాయన. సంగయ్య! ఆ రోజుల్లో నేస్తూ నేస్తూనే గాథలు కంఠస్థం చేసిన కుర్రవాడు. ఇప్పుడూ అవే చదువుకుంటున్నాడు. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. పదో గాథ దాకా వచ్చి ఆగాడు. కాసేపటికి మళ్ళీ మొదటి గాథ ఎత్తుకున్నాడు. మొత్తం పందొమ్మిది ఉన్నాయి మరి.

సుదంతుడు గడపలో నిలబడే పదకొండో గాథ చదివాడు. సంగయ్య తలెత్తలేదు. ఇంకాస్త గట్టిగా చదివాడు.

లోపలినుంచి సంగయ్య భార్య అన్నం పట్టుకుని వచ్చింది. ఆయనకి చెవులు పోయి ఆరేళ్ళయిందని చెప్పింది. ఎదురుగా ఉన్నదెవరో ఆవిడ పోల్చుకోలేదు.

"చెవులు పనిచేసినన్నాళ్ళూ వానలు మొదలైతే చాలు, వాకిట్లోకి చూస్తూ కూర్చునేవాడయ్యా. తక్కినవి మేం చెబుతామని ఎందరు అయ్యలన్నా ఒప్పుకోలేదు. నాకు గురువున్నాడు, ఆయనొచ్చి చెబుతాడు అనేవాడు."

సుదంతుడు తిరిగొచ్చి పాత్ర గురువు ముందు పెట్టాడు. అన్నం ముట్టలేదు.

"మీకు తెలుసు కదా, భంతే. నాకు ముందే ఎందుకు కబురు చేయలేదు?"

"ఏటా వాన వెలవగానే చేశాను, నాయనా," అన్నాడు ధమ్మనంది. "నా మనిషి వచ్చేసరికి నువ్వు ఆ ఊళ్ళో ఉండేవాడివి కాదు."