నిప్పుకి స్నానం చేయించిన ఇల్లు

"మా ఇంట్లో ఉన్న తెలివి దేశమంతా వెతికినా దొరకదు," అనేవాడు హాబ్. నిజమేనర్రా, ఆ రకం ఎక్కడా దొరకదు.

ఇది వెనకటి ఇంగ్లాండు మాట. హాబ్, పెళ్ళాం మార్జరీ, తమ్ముడు విల్కిన్. మనిషి మునిగేంత చెక్క తొట్టి ఆ ఊళ్ళో వాళ్ళకే ఉంది. వాకిట్లో పెట్టి వచ్చేపోయేవాళ్ళకి చూపించేవాళ్ళు.

ఆ రోజుల్లో అక్కడ నైటు, అంటే గుర్రమెక్కి పోరాడే వీరుడు, కావాలంటే ముందు స్నానం చెయ్యాలి. మనం పెళ్ళికొడుక్కి మంగళస్నానం చేయించమూ, అలాగన్నమాట. దొరగారి అబ్బాయికి ఆ ముహూర్తం వచ్చింది. దివాణం కార్యస్థుడు వచ్చి, "అబ్బాయిగారి స్నానం మీ తొట్టిలోనే. బాగా చేయిస్తే చలికాలానికి బండెడు కట్టెలు. లేదంటే మంచులో బిగుసుకుపోండి. ఇంట్లో మురికి కనపడకూడదు. ఏది గడప దాటినా స్నానం చేసే దాటాలి!" అని వెళ్ళిపోయాడు.

అంతే. మార్జరీ పిండిమూట తెచ్చింది. ముంచారు. నీళ్ళు తెల్లబడ్డాయి.

"అబ్బో, ఎంత మురికి వదిలిందో!" అన్నాడు హాబ్.

నీళ్ళు కాచడానికి విల్కిన్ పక్కింటి నుంచి నిప్పులు తెచ్చాడు.

"ఆగరా, స్నానం!"

"నిప్పుక్కూడానా అన్నయ్యా?"

"నిప్పయితే ఏం, దొరగారి చుట్టమా?"

ముంచారు. చుయ్‌మంది.

"పాపం, దానికి చన్నీళ్ళు పడవు," అంది మార్జరీ జాలిగా.

ఇంకేముంది, అబ్బాయిగారు వచ్చేసరికి తొట్టిలో మంచుగడ్డలాంటి నీళ్ళు.

"కాచలేదా?"

"నిప్పు ఇప్పుడే స్నానం చేసింది బాబూ, ఇంకా ఒళ్ళారలేదు."

ముగ్గురూ పట్టుకుని ఆయన్ని ముంచేశారు. తొడుక్కోవాల్సిన తెల్ల అంగీనీ ముంచేశారు.

కోటలో, ఈ ముగ్గురూ గుమ్మంలోంచి చూస్తుండగా, అబ్బాయిగారు దొరగారి ముందు మోకరిల్లారు. ఒళ్ళు గజగజ, పళ్ళు టకటక. జరిగింది చెబుదామంటే నోరు పెగలదు. దొరగారి కళ్ళు చెమర్చాయి.

"చూశారా, నా కొడుకు భక్తితో వణుకుతున్నాడు! నైటంటే వీడూ!" అని ఆనవాయితీ ప్రకారం కత్తి భుజానికి ఆనించి నైటుని చేసేసి, హాబ్ ఇంటికి కట్టెల బండి తోలించేశారు.

కట్టెలు గడప దగ్గరికొచ్చాయి.

"అడవిలోంచి వచ్చాయి. ఎంత దుమ్మో!" అన్నాడు హాబ్.

ఒక్కో కట్టెనీ ముంచి, వీపు రుద్ది, లోపల పేర్చారు.

మంచు కురిసింది. కట్టె అంటుకుంటేనా! పొయ్యి చుట్టూ ముగ్గురూ గజగజ.

"అ-అన్నయ్యా, నాకూ భక్తి వచ్చేసింది," అన్నాడు విల్కిన్.

"నాకూరా! ఏమే, తలుపులు బార్లా తియ్యి. దొరగారు కత్తి పట్టుకుని వచ్చేస్తుంటారు. తొట్టి నిండుగా ఉందా? ముందు ఆయన్ని ముంచాలి!"