నాలుగో అంకంలో లేని పేజీ

పుస్తకంలో ఒక పేజీ పోయిందని భ్రమరాంబకి గట్టి నమ్మకం.

నాలుగో అంకంలో, కూర్చోమన్న మాటకీ దానికొచ్చిన జవాబుకీ మధ్య ఎక్కడో రాలిపోయింది. పెడనలో ఆమె చేసేది అద్దకం పని. గుడ్డ మీద వరసగా అచ్చులు వేసుకుంటూ పోతే, ఎక్కడ ఒక అచ్చు తప్పిందో కన్ను ఇట్టే పట్టేస్తుంది. తీగ ఉంటుంది, పువ్వు ఉంటుంది, రెంటినీ కలిపే కాడ ఉండదు. ఇక్కడా అంతే.

అది ఎప్పుడో మూడొందల ఏళ్ళనాటి ఇంగ్లీషు విషాద నాటకం. బందరులో ఒక పాత నాటక సమాజం వాళ్ళు దాన్ని ఇంగ్లీషులోనే ఆడి తీరాలని పంతం పట్టారు. రాణి వేషానికి నలుగురైదుగుర్ని చూసి, ఎవరూ కుదరక, చివరికి భ్రమరాంబని తీసుకున్నారు. ఇంటరు సగంలో వదిలేసిన పిల్ల, గోళ్ళ సందుల్లో ఎర్రరంగు ఇంకా పోని పిల్ల, ఆ పాత ఇంగ్లీషుని తడుముకోకుండా చదువుతుంటే డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవరమ్మా నీకిది నేర్పింది?" అన్నారు.

"ఎవరూ లేరండీ. నా అంతట నేనే."

అనేసింది. పూర్తిగా అబద్ధమూ కాదు. పాతపేపర్ల కొట్లో ఏరుకున్న పుస్తకాలు, అట్ట ఊడిన డిక్షనరీ, మాటలకి అర్థాలు రాసుకున్న లావుపాటి నోటుపుస్తకం, అన్నీ తనవే. కానీ ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం బందరు వచ్చి, దైవసహాయం మాస్టారి అరుగు మీద చాప పరుచుకుని కూర్చున్నదీ తనే.

అక్కడితో ఆగినా బాగుండేది. నలుగురూ మెచ్చుకుంటున్నారు కదా అని, "ఈ నాటకంలో నాకు తెలియని మాట ఒక్కటి లేదండీ" అని కూడా అంది. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా ఆమెకి గాలి ఆడలేదు.

తెలియని మాట లేదు. తెలియని చోటు మాత్రం వచ్చి పడింది.

కథ తేలికే. రాణిగారి తమ్ముడు చుట్టపుచూపుగా కోటకి వస్తాడు. రాజు అతన్ని గుట్టుగా చంపించేస్తాడు. మూడో అంకం చివర రాణికి ఆ సంగతి తెలుస్తుంది. నాలుగో అంకంలో రాజు వేట నుంచి తిరిగొస్తాడు. రాణి ఏడవదు, తిట్టదు, తమ్ముడి పేరే ఎత్తదు. "విల్ యూ సిట్, మై లార్డ్?" అంటుంది. కూర్చుంటావా అని, అంతే. ఆ ఒక్క మాటకి రాజు తూలిపోతాడు. "వాట్ హావ్ ఐ డన్?" అంటాడు. నేనేం చేశానని అడిగి, ఇంకెవరూ ఏమీ అడక్కుండానే తన పాపం తనే కక్కేస్తాడు.

కూర్చోమంటే గుండె పగలడమేమిటి?

భ్రమరాంబ ఆ మాట కోపంగా అని చూసింది. ఏడుస్తూ అంది. పళ్ళు బిగబట్టి అంది. రాజు వేషం కట్టిన కంటిడాక్టరుగారు ప్రతిసారీ తూలబోయి, నవ్వాపుకోలేక స్తంభం పట్టుకున్నారు.

"అమ్మాయ్, నువ్వలా చెబుతుంటే కుర్చీలో మేకు దిగి ఉందేమోనని భయమేస్తోంది!"

అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టరుగారు నవ్వలేదు.

"రేపు పొద్దున పదింటికి ఆఖరుసారి చూస్తాను. అప్పటికీ రాకపోతే కాలేజీ లెక్చరరుగారిని పిలుస్తాను. ఆవిడ ఎమ్మే చదివింది. ఏమీ అనుకోకమ్మా."

భ్రమరాంబ పెడన బస్సు ఎక్కలేదు. నోటుపుస్తకం గుండెలకి అదుముకుని మాస్టారి ఇంటివైపు నడిచింది.

మాస్టారు అరుగు మీద తన పేముకుర్చీలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. నలభై ఏళ్ళు మిషను స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఇప్పుడు మాటలు బాగా తగ్గించేశారు.

"ఏమే భ్రమరా, ఇవాళ ఆదివారమటే?"

"కాదు మాస్టారూ. ఈ నాటకం ఇంకో ప్రతి ఉందా మీ దగ్గర? నా దాంట్లో పేజీ పోయింది."

"ముందు టీ తాగు. మొహం చూడు, పీక్కుపోయి ఎలా ఉందో."

లోపలికెళ్ళి రెండు గ్లాసులు తెచ్చారు. సొట్టగ్లాసు ఆమెది. ఆరేళ్ళుగా ఆ గ్లాసే. మాస్టారు రోజూలాగే కళ్ళు మూసుకుని, "నువ్వే ఇచ్చావు తండ్రీ, నీకే స్తోత్రం" అని గొణుక్కుని ఒక గుక్క తాగారు. తర్వాత పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పారు.

"నూటపన్నెండు తర్వాత నూటపదమూడే ఉంది కదే."

"అంకెలు కూడా తప్పేసుంటారు మాస్టారూ, అచ్చువేసినవాళ్ళు."

"అలాగా. సరే, చదువు."

చదివింది. వాక్యానికి వాక్యం అర్థం చెప్పుకుంటూ చదివింది. రేపు పదింటికి ఇంక ఎన్ని గంటలున్నాయో వద్దన్నా మనసు లెక్కపెడుతోంది.

"మొదట్లో రాణి మొగుణ్ణి దౌ అంటోంది కదా, దౌ అంటే ఏంటే?" అన్నారు మాస్టారు, గింజ తీస్తూనే.

"తమరు అని మాస్టారూ. పాతకాలపు మర్యాద. దేవుణ్ణి కూడా దౌ అనే కదా అంటారు ఇంగ్లీషు ప్రార్థనల్లో!"

"మరి యూ?"

"అది మామూలే. నువ్వు."

"అంటే, తమ్ముడు పోయిన సంగతి తెలిసేదాకా మొగుణ్ణి తమరూ తమరూ అన్న మనిషి, తెలిశాక నువ్వు అంటోందన్నమాట."

"అవును మాస్టారూ. అందుకే కోపంగా అనాలేమోనని చూశాను. కుదరట్లేదు. మధ్యలో ఇంకేదో ఉండాలి. కచ్చితంగా ఉండాలి."

"ఊఁ. మాటలన్నీ తెలిసినట్టేనా?"

"ఒక్కటీ వదల్లేదు," అంది భ్రమరాంబ, నోటుపుస్తకం చూపించి.

మాస్టారు చింతపండు పళ్ళెం పక్కన పెట్టారు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు. ఎంతకీ రాలేదు.

వచ్చేసరికి భుజం మీద ఉతికిన కండువా ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మెరుస్తున్న స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు. గ్లాసు గట్టు మీద పెట్టి, కండువా అంచుతో పేముకుర్చీ తుడిచి, ఆమెవైపు జరిపారు.

"భ్రమరాంబగారూ, మీరు కింద కూర్చున్నారేమిటండీ? ఇలా కుర్చీలో కూర్చోండి."

భ్రమరాంబ నవ్వింది. "ఏంటి మాస్టారూ ఇది!"

మాస్టారు నవ్వలేదు. జనాభా లెక్కలకి వచ్చినవాళ్ళని చూసినట్టు, పెద్దమనిషి తరహాగా చూస్తున్నారు.

"మంచినీళ్ళు పుచ్చుకుంటారా? మీకు బస్సుకి ఆలస్యమవుతుందేమో."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకి దిగులేసింది. ఆరేళ్ళలో మాస్టారు ఎన్నిసార్లు తిట్టలేదు! మొద్దుమొహమన్నారు, ఒకసారి పుస్తకం వీధిలోకి విసిరేశారు. అప్పుడెప్పుడూ ఇలా కాళ్ళ కింద చాప లాగేసినట్టు లేదు. తిట్టిన ప్రతిసారీ ఆమె మాస్టారి అరుగు మీదే ఉంది. ఇప్పుడు అదే అరుగు మీద కూర్చుని కూడా గేటు బయట నిలబడ్డట్టుంది.

మాస్టారికి తెలిసిపోయింది. ఎవరో చెప్పేశారు. డైరెక్టరుగారో, డాక్టరుగారో. బందరెంత పెద్ద ఊరని!

లేచి నిలబడింది. నోటుపుస్తకం ఒళ్ళోంచి జారి కిందపడింది.

"నేనేం చేశాను మాస్టారూ?"

మాస్టారు చెయ్యి చాపి కుర్చీ చూపించారు. "మీరు కూర్చోండి."

"వాళ్ళు అడిగారు మాస్టారూ, ఎవరు నేర్పారని. ఎవరూ లేరన్నాను. మీ పేరు చెప్పలేదు. అందరూ నావైపే చూస్తున్నారు, నా గొప్పే అనిపించుకోవాలని... చెప్పకూడదనేం కాదు... నోరు పెగల్లేదు. అప్పట్నుంచీ నిద్రలేదు మాస్టారూ నాకు. తిట్టండి. కొట్టండి, పడతాను. ఆ గారూ గీరూ మాత్రం..."

ఆగిపోయింది.

తను ఇప్పుడు అన్న మొదటి మాట చెవుల్లో మళ్ళీ వినబడింది. నేనేం చేశాను. ఎవరూ అడగలేదు. మాస్టారు ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. కూర్చోమన్నారు.

మెల్లగా వంగి నోటుపుస్తకం తీసింది. పడినప్పుడు మొదటి పేజీ దగ్గర తెరుచుకుంది. ఆరేళ్ళ కిందటి గుండ్రటి అక్షరాలు. 'దౌ అంటే తమరు. యూ అంటే నువ్వు.'

టీ గ్లాసు పట్టుకుని మాస్టారు దేవుడితో ఏమన్నారో అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ళుగా వింటున్నదే. నువ్వే ఇచ్చావు తండ్రీ అన్నారు, తమరు అనలేదు.

భ్రమరాంబ ఆ పేజీ మీద వేలుపెట్టి, రెండు అర్థాలూ తారుమారు చేసి చదువుకుంది. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఆమెకి ఆ కుర్చీని చూడాలంటే భయంగా ఉంది. రాజు ఎందుకు తూలాడో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారు భుజం మీది కండువా తీసి దండెం మీద వేశారు. పేముకుర్చీని యథాస్థానానికి లాక్కుని, ఉస్సురని అందులో కూలబడ్డారు. స్టీలు గ్లాసులోని నీళ్ళు సొట్టగ్లాసులోకి వంచి ఆమె ముందుకి తోశారు.

"దొరికిందటే, పేజీ?"