తూము పటంలో తప్పులు

సున్నం కలిపే పోలయ్య ఏడాదంతా కొలతలు తీసి గుడ్డమీద గీసిన చెరువు తూము పటాన్ని రాజుగారు మెచ్చుకున్నారు. ఆనాటి నుంచి ఆస్థాన శిల్పి మల్లోజుకు కంటిమీద కునుకు లేదు. తప్పు పట్టాలని నెల్లాళ్లు ఆ పటాన్నే చూశాడు. ఒక్కటీ దొరక్క, కడుపుమంటతో దానిమీద నీళ్లు గుమ్మరించాడు. గీతలన్నీ అలుక్కుపోయాయి.

"పోతే పోయింది. అందులో అన్నీ తప్పులే," అన్నాడు సభలో.

"కొలతలు నాకూ గుర్తులేవు. ఆ తప్పులేవో ఒక్కొక్కటే చెప్పండి అయ్యగారూ, దిద్దుకుంటాను," అంటూ పోలయ్య కొత్త గుడ్డ పరిచాడు.

మల్లోజు రెచ్చిపోయాడు. "తొమ్మిది మూరల తూముకు రెండే కన్నాలా? జానెడు మందం గోడ ఆగుతుందా?"

పోలయ్య విన్న కొలతనల్లా గీస్తూ పోయాడు. మల్లోజు తిట్లు ముగిసేసరికి పటం పూర్తయింది.

"మళ్లీ పాడైతే ఎలా?" అన్నారు రాజుగారు.

"ఒక నకలు అయ్యగారింటి గోడకు తగిలించండి ప్రభూ. ఖజానాలోది చెదలు తిన్నా, ఆయనకు కంఠతా వచ్చి ఉంటుంది."