జూన్ ఒకటో తేదీ పిల్లలు

దస్తగిరి సారును ఏదైనా ప్రశ్న అడగాలంటే చేతులు ఖాళీగా పెట్టుకుని వెళ్లాలని ఆయన శిష్యులందరికీ తెలుసు. ఎందుకంటే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. బంతికి గాలి కొట్టమంటారు, జెండా కర్రలు కట్ట కట్టమంటారు. పని అయ్యేలోపు జవాబు దొరికితే సరే, దొరక్కపోతే ఇంకో పని సిద్ధంగా ఉంటుంది. హైస్కూల్లో డ్రిల్లు సారుగా ఇరవై ఎనిమిదేళ్లు, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు నడిపే ఫుట్‌బాల్ లీగుకు కార్యదర్శిగా అంతకంటే ఎక్కువేళ్లు గడిపిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఆ ఏడాదే లీగు పుస్తకాలన్నీ హంపమ్మ చేతిలో పెట్టారు. హంపమ్మ ఒకప్పుడు ఆయన దగ్గర ఆడిన పిల్ల. ఇప్పుడు పక్క ఊరి బడిలో ఆటల టీచరు.

ఆటలు ఆడించడం ఒక ఎత్తు, ఆటలు ముగిశాక వచ్చే చాకిరీ ఒక ఎత్తు అని ఏప్రిల్ వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. పదకొండు జట్ల చొక్కాలు తిరిగి తెప్పించుకోవాలి, వాటిలో తొమ్మిదో నంబరు చొక్కా ఎప్పుడూ ఒకటి తక్కువే. పోయినేడు గెలిచిన ఊరి నుంచి కప్పు తెచ్చుకోవాలి. ఆ ఊరివాళ్లు దాన్ని భజన మందిరంలో పెట్టి బొట్టు పెట్టి దండ వేశారు, ఇమ్మంటే అమ్మవారిని ఇమ్మన్నట్టు చూశారు. ఇవన్నీ అయ్యాక వచ్చే ఏటికి పిల్లల జాబితా తయారు చేయాలి. ఇన్నాళ్లూ దస్తగిరి సారు పిల్లను ఎదురుగా నిలబెట్టి, ఎగాదిగా ఒకసారి చూసి, చిన్నల జట్టో పెద్దల జట్టో చెప్పేసేవారు. ఈసారి జిల్లా నుంచి కొత్తగా కాగితం వచ్చింది. పుట్టిన తేదీలతో సహా రాసి పంపాలట, అదీ మంగళవారం పొద్దుటి బస్సుకల్లా.

హంపమ్మ ఎండలో బడులన్నీ తిరిగి తేదీలు రాసుకొచ్చింది. అన్నీ ఒకచోట పెట్టి చూసేసరికి మతి పోయింది. పిల్లల్లో సగానికి పైగా జూన్ ఒకటో తేదీనే పుట్టారు. ఇది దేవుడి పని కాదు, హెడ్మాస్టర్ల పని. ఆ వైపు పల్లెల్లో కాన్పులు ఇళ్లలోనే అయ్యే కాలం అది. బడిలో చేర్చడానికి వచ్చిన తల్లిని తేదీ అడిగితే నోరు వెళ్లబెట్టేది. హెడ్మాస్టరు పిల్ల కుడిచేతిని తల మీదుగా వేయించి, ఎడమ చెవి అందితే ఐదేళ్లు నిండినట్టే లెక్కగట్టి, జూన్ ఒకటి అని రాసి పడేసేవాడు. అలా ఊళ్లకు ఊళ్లు ఒకే రోజున పుట్టాయి.

అంతవరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ లీగు నియమాల పుస్తకంలో నాలుగో నియమం ఇలా ఉంది: "జూన్ ఒకటో తేదీ నాటికి పదమూడేళ్లు నిండినవారు చిన్నల జట్టులో ఆడరాదు." సరిగ్గా ఆ జూన్ ఒకటికి పదమూడుకు వచ్చే పిల్లలు ముప్పై ఒక్కరు తేలారు. 'నాటికి' అంటే ఏమిటి? ఆ రోజును కలుపుకునా, వదిలిపెట్టా? కలుపుకుంటే ముప్పై ఒక్కరూ పెద్దల జట్లకు పోవాలి. వదిలితే ముప్పై ఒక్కరూ ఇంకో ఏడాది చిన్నల్లోనే ఉంటారు. హంపమ్మ ఆ మాటను పైకి చదివింది, లోపల చదువుకుంది, నిఘంటువు కూడా తిరగేసింది. ఎన్నిసార్లు చదివితే అంత జారిపోయింది.

మగపిల్లలకు ఇదంతా పెద్ద విషయం కాదు. ఈ జట్టు కాకపోతే ఆ జట్టు. ముప్పై ఒక్కరిలో ఒకే ఒక ఆడపిల్ల ఉంది, కుళ్లాయమ్మ, గోల్‌కీపరు. చిన్నల జట్టులో ఆడామగా కలిసి ఆడవచ్చు. పదమూడు నిండితే వేరు. ఆడపిల్లల పెద్ద జట్టు ఆ చుట్టుపక్కల ఒక్కటీ లేదు. హంపమ్మ దాన్ని కూడగట్టే ప్రయత్నంలోనే ఉంది, అప్పటికి ఆరుగురు దొరికారు. ఇంకొక్క ఏడాది గడిస్తే పదకొండు మంది అవుతారు. ఆ ఏడాది కుళ్లాయమ్మ ఇంట్లో కూర్చుంటే మళ్లీ మైదానానికి వస్తుందన్న ఆశ లేదు. ఆమె తల్లి రామక్క ఆ మాట దాచుకోకుండానే చెప్పింది.

"ఆటుంటే ఆడుకోనీ టీచరమ్మా. లేకుంటే నాతోపాటు కూలికొస్తాది."

అసలు పుట్టిన రోజు తెలిస్తే చిక్కు విడిపోతుందని హంపమ్మ రామక్కను అడిగి చూసింది. శెనక్కాయ పెరికేటప్పుడు పుట్టిందని రామక్క ఠక్కున చెప్పింది. అంటే అక్టోబరో నవంబరో. ప్రాణం లేచొచ్చి, ఏ సంవత్సరమని అడిగింది హంపమ్మ.

"మా ఎర్రావు ఈనిన సంవత్సరం."

"ఎర్రావు ఎప్పుడు ఈనె?"

"కుళ్లాయి పుట్టినప్పుడే కదా!" అంది రామక్క, ఇంత చదువుకుని ఇది కూడా తెలియదా అన్నట్టు.

ఆ లెక్కన కుళ్లాయమ్మకు జూన్ ఒకటికి పన్నెండున్నర ఉండవచ్చు, పదమూడున్నరా ఉండవచ్చు. హంపమ్మ వెళ్లేటప్పుడు ఒక సందేహంతో వెళ్లింది, వచ్చేటప్పుడు రెంటితో వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం నారపరెడ్డి వచ్చి, జూన్ ఒకటి పిల్లలందర్నీ పెద్దల జట్లకు పంపమన్నాడు. ఫైనల్లో ఓడిన జట్టుకు ఆయన మేనేజరు. ఆ ఫైనల్లో ఆయన పిల్లలు కొట్టిన బంతుల్ని కుళ్లాయమ్మ ఏడుసార్లు ఆపింది. అందుకని దురుద్దేశంతో వచ్చాడనుకుంటే హంపమ్మకు పని తేలికయ్యేది. కానీ ఆయన చెడ్డవాడు కాదు.

"నాకేమీ ఆ పాప మీద పగ లేదమ్మా. మా జట్టులో కూడా ఇద్దరుండారు ఆ తేదీవాళ్లు. వాళ్లనూ పంపిస్తా పైకి. రూలు రూలే."

"అన్నా, జూన్ ఒకటిన పుట్టినోళ్లకు జూన్ ఒకటిననే కదా నిండేది? ఆ పొద్దుకు ఇంకా..."

"ఇంకా లేదు, గింకా లేదు. ఒకటో తేదీ పుట్టినోనికి ముందుదినం సాయంత్రానికే ఏడాది నిండిపోతాది. సర్కారు లెక్క అది. నమ్మకం లేకుంటే మీ సారునే అడుగు. ఆయన్ను ఎప్పుడు రిటైరు చేసిరి?"

హంపమ్మ లెక్క వేసి చూసుకుంది. దస్తగిరి సారు కూడా కాగితం మీద జూన్ ఒకటి మనిషే. నెల మధ్యలో పుట్టినవాళ్లు ఆ నెలాఖరున దిగిపోతారు. ఒకటో తేదీన పుట్టినవాళ్లు మాత్రం ముందు నెలాఖరుకే దిగిపోవాలి. రెండో తేదీ అని రాసి ఉంటే ఆయన జూన్ ముప్పైన, బడి నిండా పిల్లలుండగా వెళ్లేవారు. ఒకటి అని రాయడం వల్ల మే ముప్పై ఒకటిన, ఎండాకాలం సెలవుల్లో వెళ్లారు. హెడ్మాస్టరూ అటెండరూ కలిసి ఒక దండ వేసి పంపించారట. హంపమ్మ అప్పుడు వేరే ఊళ్లో ట్రైనింగులో ఉంది. వారం తర్వాత తెలిసి, కార్డు ముక్క రాసి ఊరుకుంది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు సిగ్గుగా ఉంటుంది.

సాయంత్రం అయిదింటికి జాబితా చంకన పెట్టుకుని హైస్కూలు మైదానానికి వెళ్లింది. దస్తగిరి సారు అక్కడ ఒక గోలుకు కట్టిన నెట్టు విప్పి, స్టూలు మీద కూర్చుని దుమ్ము దులుపుతున్నారు. ఇంకో గోలు దగ్గర పదిమంది పిల్లలు సీజను అయిపోయిందన్న దిగులేమీ లేకుండా ఆడుకుంటున్నారు. గోల్లో కుళ్లాయమ్మే ఉంది, ఎవరిదో పెద్ద చొక్కా మోకాళ్ల దాకా వేలాడుతోంది. దాని వీపు మీద తొమ్మిదో నంబరు చూసి కూడా హంపమ్మకు అడగాలనిపించలేదు.

"సార్, 'నాటికి' అంటే ఏమి? ఆ దినం లోపలికొస్తాదా, బయటికి పోతాదా? రాసింది మీరే కదా," అంది.

"రాసేటప్పుడు తెలిసుండె," అన్నారు సారు. "ఈ నెట్టు ఆ కొస పట్టుకో."

సారు లేచిన స్టూలు మీద జాబితా పెట్టి, పట్టుకుంది. మడత పెడుతూనే ఎర్రావు సంగతి చెప్పింది, నారపరెడ్డి సంగతి చెప్పింది. సారు రిటైరైన తేదీ దగ్గరికి వచ్చేసరికి కాస్త తడబడింది. ఆయన మాత్రం నవ్వారు.

"నిజమే. దండ వాడిపోకముందే పుట్టినదినం వచ్చె."

"అట్లయితే నారపరెడ్డన్న చెప్పేదే న్యాయమా? ఆ పిల్లను తీసేయల్లనా? అసలు ఎవురి లెక్క పట్టుకోవల్ల సార్? సర్కారుదా, హెడ్మాస్టరుదా, ఆవుదా?"

"కొస లూజు చేయొద్దు, చిక్కు పడతాది," అన్నారాయన.

ఆమెకు ఒళ్లు మండింది. బస్సు పొద్దున్నే పోతుంది, పిల్ల బతుకు ఈ కాగితం మీద ఉంది, ఈయనకేమో నెట్టు ముఖ్యం. ఆ మాట అనేయబోయింది. అంతలో అవతలి గోలు దగ్గర గోల రేగింది. ఎవడో బలంగా తన్నిన బంతి కుళ్లాయమ్మ చేతుల్లోంచి జారి వెనక్కి దొర్లింది. ఆమె వెల్లకిలా పడుతూనే ఒంటి చేత్తో దాన్ని అదిమి పట్టింది. బంతి సగం సున్నం గీత అవతల, సగం ఇవతల ఉంది. పిల్లలు సగం మంది గోల్ అని, సగం మంది కాదని అరుస్తూ ఒకరి మీదికి ఒకరు పోతున్నారు.

"గోల్ కాదు!" హంపమ్మ ఇక్కడి నుంచే కేకేసింది. "బంతి గీత మీదనే ఉంది! గీత మీదుంటే మైదానం లోపలున్నట్టే! మొత్తం దాటల్ల! ఆడండి, ఆడండి!"

పిల్లలు ఇంకో మాట లేకుండా ఆటలో పడ్డారు. కుళ్లాయమ్మ లేచి, చొక్కా దులుపుకుని, బంతిని దూరంగా తన్నింది.

దస్తగిరి సారు నెట్టు మడత ఆపి ఆమె వైపు చూశారు.

"ఎవుర్ని అడిగి చెప్తివమ్మా?"

"అడిగేదేముంది సార్, కంటికి అగుపడ్తాంది కదా..." అని మొదలుపెట్టి, హంపమ్మ మధ్యలో ఆగిపోయింది.

నెట్టు కొస కింద పెట్టింది. స్టూలు మీది జాబితా అందుకుని, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్క పేర్లూ చిన్నల జట్ల కిందే రాసింది, నారపరెడ్డి తరఫు ఇద్దరితో సహా. మొదటి పేరు ఎవరిదో చెప్పనక్కర్లేదు. రాసింది గానీ అయోమయం పూర్తిగా వదల్లేదు. రేపు నారపరెడ్డి వస్తాడు, సర్కారు లెక్క మాటేమిటని అడుగుతాడు.

"మరి మిమ్మల్ని ఎందుకు సార్ బయట ఉన్నట్టు లెక్కగట్టిరి? మీరూ గీత మీదనే ఉంటిరి కదా?"

దస్తగిరి సారు మడత పెట్టిన నెట్టును సంచిలో కుక్కి, మూతి బిగించి, ముడి వేశారు.

"ఆ పొద్దు బడికి సెలవులు కదమ్మా," అన్నారు. "గీత దగ్గర ఎవురూ లేకపోయిరి."